ప్రయాణపు రొట్టె

"పరగడుపున రమ్మంటే విందుకెళ్ళొచ్చారా పెద్దాయనా?" ఆల్మటీ ఆసుపత్రిలో నర్సు అడిగింది. "రక్తంలో చక్కెర పెరిగింది. ఇప్పుడు స్కాన్ తీస్తే ఎముకల మూలుగలో క్యాన్సర్ ఎంత మిగిలిందో తెలియదు."

"ఇంట్లోంచి బయల్దేరేముందు రొట్టె తిన్నాను," అన్నాడు జూమాబెక్.

కూతురు ఐగానిమ్ తల పట్టుకుంది. "మన ఆచారం ప్రకారం దూరం వెళ్ళేవాళ్ళు ఒక్క కొరుకు కొరికితే చాలు కదా నాన్నా. తిరిగొచ్చి తినడానికి మిగతాది అమ్మ దాచిపెడుతుంది. ఆ ఒక్క కొరుక్కే ఇంత పెరిగిందా?"

"అమ్మకి దాచడానికేం మిగల్లేదు తల్లీ. మొత్తం తినేశాను."

తిట్టబోయిన ఐగానిమ్ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నేలకేసి చూస్తున్నాడు.

ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రేపు మళ్ళీ వద్దాం. ఈసారి రాత్రే కొరుకుదువుగాని. రొట్టె నేను పట్టుకుంటాను."