చెంబెడు వేడినీళ్లు

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ స్నానాల గది నేల మాట్లాడేది. పొద్దున్నే దాని మీద నిలబడితే పాదాల్ని చదివి ఒంటి సంగతి చెప్పేది. కరీంనగర్‌లో ఉండే లాస్యమ్మకు మాత్రం రోజూ ఒకటే మాట: "పాదాలు వెచ్చగా ఉన్నాయి. అంతా బాగుంది."

కోడలు ఋత్విక తన పుట్టినరోజు నాడు కొత్త చీర కట్టుకొని అత్తగారి కాళ్లకు మొక్కింది. ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి. కుడి పాదం మామూలుగానే ఉంది. ఎడమది మంచుముక్కలా ఉంది.

"ఏంది అత్తమ్మా, ఇంత సల్లగుంది? నేల రోజూ మంచిగుందనే చెప్తది గద!"

అక్షింతలు పట్టుకున్న లాస్యమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"దాని మీద నిలవడే ముందు రెండు కాళ్ల మీద చెంబెడు వేడినీళ్లు పోసుకుంట," అంది మెల్లగా. "మా అక్కకు గూడ ఇట్లనే ఒక కాలు సల్లవడ్డది. సలికేమో అనుకొని మేజోళ్లు తొడిగినం. ఆఖరికి కాలు తీసేసిండ్రు. నాది గూడ తీసేస్తరని భయమైంది."

"నడిస్తే పిక్క నొస్తదా?"

"మెట్ల కాడ నొస్తది. జరసేపు ఆగితే తగ్గుతది."

ఋత్విక ఆమెను చెయ్యి పట్టుకొని తీసుకెళ్లి, నీళ్లు పోయకుండా నేల మీద నిలబెట్టింది. నేల ఈసారి వేరే మాట చెప్పింది.

"ఎడమ కాలికి రక్తం సరిగా అందడం లేదు. రక్తనాళం పూడుకుపోతున్నట్టుంది. ఈరోజే డాక్టరుకు చూపించండి. ఇంకా ఆలస్యం కాలేదు."

లాస్యమ్మ పిడికిట్లో అక్షింతలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని కోడలి తల మీద చల్లింది.

"నూరేండ్లు బతుకు బిడ్డా."

"నువ్వు సుత," అంటూ ఋత్విక మళ్లీ వంగింది, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేందుకు ఆమెకు చెప్పులు తొడగడానికి.