నాలుగో సమ్మెట

మా జావా కొలిమిలో దీపం పెట్టం. కంచు ఎరుపు కంటికి ఆనాలంటే చీకటే కావాలి. పెద్ద జేగంట చుట్టూ నలుగురం వంతులవారీగా సమ్మెట వేసేవాళ్లం. దెబ్బను బట్టి కంచు లోపలి రేణువులు తిరిగి వరసకొస్తాయి. ఒక పక్క దెబ్బ తగ్గితే వరస కుదరదు, నీళ్లలో ముంచగానే గంట పగులుతుంది.

మా నలుగురిలో ఒకడు, నా చిన్ననాటి నేస్తం తుకిరాన్ చనిపోయాక ఇంకొకణ్ణి పెట్టమంటే మా పిసినారి యజమాని పెట్టలేదు. పైగా, "ఈ గంట పగిలిందా, కొలిమి మూతే!" అన్నాడు.

ముగ్గురమే మొదలుపెట్టాం. తుకిరాన్ నిలబడే ఖాళీ చోటు నుంచి నాలుగో దెబ్బ పడింది. చివర్లో కాస్త జారే దెబ్బ. అది వాడిదే.

"ఒరే యువరాజా, నిద్రపోతున్నావా? కొట్టరా!" అని మా ముగ్గురిలో పెద్దాయన నన్ను కసిరాడు. కొలిమిలో అందరికీ పాత కథల మారుపేర్లే. సొంత పేరు పలికితే కనబడనివాళ్లు గుర్తుపట్టి తమతో తీసుకుపోతారని మా భయం.

వాడితో ఏట్లో ఈదిన రోజులు గుండెలో కదిలాయి. నోరు ఆగలేదు.

"తుకిరాన్!" అన్నాను.

ఆ సమ్మెట ఆగిపోయింది. కంచు చల్లారుతోంది, ఆ పక్క ఇంకా మందంగానే ఉంది. చీకట్లోంచి, ఏటి ఒడ్డున పిలిచినంత ప్రేమగా, నా సొంత పేరు వినిపించింది.

"కొట్టరా!" పెద్దాయన అరుస్తూనే ఉన్నాడు. నేను సమ్మెట దించి అటువైపు అడుగేశాను.