మంత్రి పక్క కుర్చీ

“విదేశాంగ మంత్రి హైందవి టీచరా? మా ఆయన ఆమె పక్కన కూసోవాల్నా?”

ఉజ్వల గొంతు ఆబిడ్స్ బడి హాలంతా మోగింది. శనివారం పిల్లల కోసం టీచర్లు వేయబోయే ‘మన విదేశాంగ శాఖ’ నాటకానికి రాంచందర్ సార్ వేదిక మీద కుర్చీలు వేయిస్తున్నాడు. మొదట మంత్రి, పక్కనే విదేశాంగ కార్యదర్శి, తర్వాత అదనపు కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, డైరెక్టర్... అందరికన్నా చివర, తలుపు దగ్గర, అండర్ సెక్రటరీ. ఆ చివరి కుర్చీ ఉజ్వలది. కార్యదర్శి కుర్చీ విజయేందర్‌ది. వాళ్ళ పెళ్ళయి ఇరవై ఆరు రోజులు.

“హోదాలు నేను పెట్టినయి కావు బిడ్డా, సర్కారు పెట్టింది,” అన్నాడు రాంచందర్ సార్.

అంతలో హైందవి ఏదో అంది. విజయేందర్ పకపకా నవ్వాడు. నిన్న మొజంజాహీ మార్కెట్లో తామిద్దరూ ఒకే కప్పులో సీతాఫలం ఐస్‌క్రీం తింటున్నప్పుడు నవ్విన నవ్వే అది. అది తన ఒక్కదాని సొత్తనుకుంది ఉజ్వల! ఒళ్ళు మండిపోయింది.

“ఏందండీ, గంత నవ్వొచ్చే ముచ్చట?”

“ఏం లేదు ఉజ్జూ, మంత్రిగారు జోకేసిన్రు.”

“ఔ మల్ల! నన్నేమో తలుపు కాడ కూసోబెట్టి, మీకు గీడ జోకులు!”

హైందవి లేచి నిలబడింది. “మంత్రి పదవి మీరే తీసుకోండి ఉజ్వలగారూ. నేను చివర కూర్చుంటాలెండి.”

“బిడ్డా, జర నా మాట ఇను...” అన్నాడు రాంచందర్ సార్.

“ఇనను సార్! నేనే మంత్రి.”

“పక్కానా? కార్డు మీద పేర్లు అచ్చుకు పోతున్నయి. మల్ల మార్చుడుండదు.”

“పక్కా!”

ఆయన నిట్టూర్చి, నాంపల్లిలోని ప్రెస్సుకు ఫోన్ చేసి పేర్లు మార్పించాడు. ఉజ్వల ‘మంత్రి’ బ్యాడ్జీ చీరకు గుచ్చుకుని, భర్త పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా అతన్ని మోచేత్తో పొడిచింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. తలుపు దగ్గర హైందవి ఎంత చిన్నగా కనబడుతోందో!

“ఇగ రిహార్సల్,” అన్నాడు రాంచందర్ సార్. “మొదటి సీన్‌ల సర్కారు పడిపోతది. మంత్రి దిగిపోవాలె. మంత్రులు మారుతరు, అధికారులు ఉంటరని పిల్లలకు తెల్వాలె గద.”

ఉజ్వల మొహం వాడింది. “మరి మిగతా సీన్లల్ల?”

“మూడు సీన్లు కార్యదర్శి, అండర్ సెక్రటరీ ఇద్దరే. కొత్త జంట గదా అని గా పాత్ర నీకోసమే రాసిన బిడ్డా!”