పనిచేస్తుందో లేదో చూద్దాం

"ఆ చేత్తో కీబోర్డు ముట్టుకోకు!" అని వదిన అరిచేలోపే మరిది ముట్టుకున్నాడు. చిప్స్ నూనె మెరుస్తున్న వేళ్లను ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని చప్పరించి, ఆ తడిని చొక్కాకి తుడుచుకుని, మళ్లీ టకటకా కొట్టాడు.

పిల్లల పుస్తకం కోసం ఎనిమిది నెలలుగా ఆమె గీసిన బొమ్మలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. రేపు పొద్దున్నే పబ్లిషర్‌కి ఇచ్చెయ్యాలి. అదేమో రెండు రోజులుగా ఉన్నట్టుండి ఆగిపోతోంది. "మా తమ్ముడున్నాడుగా, రికవరీ డిస్క్ చేసి పెడతాడు" అంటూ ఈ మహానుభావుణ్ణి ఆమెకు అంటగట్టి, భర్త ఆఫీసుకు చక్కాపోయాడు.

"మీరు ఊరికే కంగారు పడతారు వదినా. ఈ పెన్‌డ్రైవ్‌లో రికవరీ డిస్క్ చేసేశాను. ఇక కంప్యూటర్ చచ్చినా దీంతో లేపొచ్చు" అన్నాడు మరిది, పెన్‌డ్రైవ్ మూతతో చెవి గోక్కుంటూ. మూత కొసకు అంటుకున్నదాన్ని శ్రద్ధగా చూసి, టేబుల్ అంచుకు రాశాడు.

వదిన మొహం తిప్పుకుంది. ఇలాంటివాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి బతిమాలాల్సిరావడమే ఒక శిక్ష.

"అయిపోయిందిగా? ఇక లే బాబూ. నా పని నేను చేసుకుంటాను."

"ఒక్క నిమిషం. పనిచేస్తుందో లేదో చూద్దాం."

"చూడక్కర్లేదు!"

అప్పటికే ఏవో మూడు మీటలు నొక్కేశాడు. తెర నల్లబడింది, తర్వాత నీలంగా మారింది, మధ్యలో చుక్కలు గిర్రున తిరగడం మొదలెట్టాయి. గంటసేపు తిరిగాయి. ఆ గంటసేపూ అతను గోళ్లు కొరికి నేల మీదకు ఊస్తూనే ఉన్నాడు. చివరికి తెర మీద 'స్వాగతం! మీ పేరు చెప్పండి' అని వచ్చింది.

"చూశారా! కొన్నరోజు ఎలా ఉందో అచ్చం అలా అయింది!"

"మరి నా బొమ్మలు?"

"కొన్నరోజు మీ బొమ్మలు లేవుగా వదినా" అన్నాడు అమాయకంగా.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మనిషి ఇంత రోత పుట్టించగలడా అనిపించింది. అయినా గట్టిగా ఊపిరి పీల్చుకుని, సొరుగు లాగింది.

"నీ సంగతి నాకు తెలీదా? నువ్వొస్తున్నావనగానే అన్నీ కాపీ చేసి దాచుకున్నాను."

రంగు పెన్సిళ్లు తీసి పక్కన పెట్టింది. కాగితాలు ఎత్తి చూసింది. సొరుగంతా టేబుల్ మీద బోర్లించింది.

"ఇక్కడ పెట్టిన పెన్‌డ్రైవ్ ఏది?"

మరిది కంప్యూటర్‌కున్న పెన్‌డ్రైవ్ పీకి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదే వదినా. ఇందులో ఉన్నవన్నీ చెరిపెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగింది. ఊఁ అన్నాను."