ఎవరి దేవుని ముందు

“ప్రమాణం చర్చిలోనా, దర్గాలోనా? నువ్వే చెప్పప్పా,” అన్నాడు పంచాయితీ పెద్ద నాగసుబ్బయ్య.

జయకుమార్ తడుముకోలేదు. “దర్గాలోనే పెద్దాయనా. హుసేన్ మామను వాళ్ల దేవుని ముందరే చెప్పమను.”

అందరికీ న్యాయమే అనిపించింది. నష్టపోయినవాడు తన దేవుణ్ణి పక్కనబెట్టి ఎదుటివాడి దేవుణ్ణి నమ్ముతానంటున్నాడు. అంతకంటే ఏం కావాలి?

జయకుమార్ చీనీ తోట తెల్లారేసరికి మొదళ్లకు నరికేసి ఉంది. పడిపోయిన కొమ్మల మీద బత్తాయి కాయలింకా వాడలేదు. పక్క చేను హుసేన్ వలిదే. రెండు చేలకూ కలిపి ఒకటే బోరు. ఎండలు ముదిరాక నీళ్ల వంతు దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆ కోపంతోనే నరికాడని జయకుమార్ పంచాయితీ పెట్టించాడు. పంచాయితీ నడుస్తుండగానే జయకుమార్ ఎద్దులు దాహానికి అరిస్తే, హుసేన్ వలి తన వంతు నీళ్లే తొట్టిలోకి వదిలాడు. దాన్ని కూడా భయం కిందే లెక్కేశారు జనం.

తీర్పు చిన్నదే. తాను నరకలేదని హుసేన్ వలి ప్రమాణం చేస్తే నింద పోతుంది. చేయకపోతే బోరులో తన వాటా జయకుమార్‌కు వదులుకోవాలి. నీళ్లు లేని చేను ఆ ఊళ్లో చేను కాదు.

హుసేన్ వలి ఇంట్లో ఎవరూ ఒట్టు వేయరు. వాళ్ల తాత ఒకసారి నిజానికే ఒట్టు వేశాడు. ఆ ఏడే ఇంట్లో బిడ్డ పోయింది. అప్పటి నుంచి నిజానికైనా సరే వాళ్ల నోట ఒట్టు రాదు. ఊరందరికీ తెలిసిన సంగతే.

ఆ దర్గాలో ప్రమాణానికి ఒక పద్ధతి ఉంది. నింద పడినవాడూ, నింద వేసినవాడూ ఇద్దరూ రావాలి. ఒక చేయి తలుపు మీద, ఒక చేయి కన్నబిడ్డ తల మీద పెట్టి చెప్పాలి.

జయకుమార్ కూతురు కెజియాను వెంటబెట్టుకుని బయల్దేరాడు. దారిలో పాస్టరు దాసన్న అడ్డం వచ్చాడు.

“ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువే చెప్పినాడు కదప్పా. ఇంటికి పా.”

“నేను మొక్కను, దండం పెట్టను. ఒక మాట చెప్పి వచ్చేస్తా,” అన్నాడు జయకుమార్. రెండడుగులు వేసి ఆగాడు. “అన్నా, వాళ్ల దేవుడు, మన దేవుడు ఒకరేనా?”

“అదెట్లయితాది? ప్రభువు దేవుని కుమారుడంటే వాళ్లు ఒప్పుకుంటారా? వాళ్ల దేవుడు వేరే. అందుకే పోవద్దంటాండా.”

జయకుమార్ తల ఊపి నడిచాడు. దాసన్న నసుగుతూ వెంట వచ్చాడు.

దర్గా దగ్గర గాలి లేదు. ఆకుపచ్చ జెండా కర్రకు అతుక్కుని వేలాడుతోంది. నాగసుబ్బయ్యా, ఊరి జనమూ అప్పటికే చేరారు. హుసేన్ వలి ఇంకా రాలేదు.

“యాడ వస్తాడు? తప్పు చేసినోడు వస్తాడా?” అన్నారెవరో.

“రాకపోతే ఇంకేం చూసేది పెద్దాయనా? తేల్చెయ్,” అన్నాడు జయకుమార్.

అంతలో వచ్చాడు. కూతురు ముంతాజ్ చేయి పట్టుకుని, పెదాలు ఎండిపోయి. వెనకే భార్య అబీదా బీ ఏడుస్తూ. “నీళ్లు పోతే పోనీ! బిడ్డ మీద చేయి పెట్టొద్దు!”

“ఏం మామా, వణుకుతాండావు? ఎండకా, దేవునికా?” గుంపులో ఒకడు నవ్వాడు.

“దేవునికే,” అన్నాడు హుసేన్ వలి.

ఆడపిల్లలిద్దరిదీ ఒకటే తరగతి. కాలే బండ మీద కెజియా పాదాలు మార్చుకుంటుంటే, ముంతాజ్ ఆమెను నీడలోకి లాగి, తన ఓణీ సగం ఆమె తల మీద కప్పింది.

దర్గా చూసుకునే ముజావర్ మన్సూర్ ఇద్దరినీ తలుపు దగ్గరికి పిలిచాడు. జయకుమార్ చేయి పెట్టబోతుంటే భుజం తట్టాడు.

“జంకొద్దు జయా. నీకు కొత్త దేవుడేం కాదు. ఇబ్రాహీం నబీని పిలిచినాయనే. మీరు అబ్రాహాము అంటారే, ఆయననే. యూదులు, మీరు, మేము... మొక్కేది ఎట్లయినా గానీ, వినేది ఒకడే.”

జయకుమార్ తిరిగి దాసన్న వైపు చూశాడు.

దాసన్న గొంతు సవరించుకున్నాడు. “శానా తేడాలుండాయి. కానీ అబ్రాహాము దేవుడంటే... అది కాదనలేనప్పా.”

జయకుమార్ చేయి వెనక్కి తీసుకున్నాడు.

“వద్దు పెద్దాయనా. చెట్ల కోసం బిడ్డ తల మీద ఒట్టేంది? పోయినవి పోయినాయి. నేను వదిలేస్తాండా.”

గుంపంతా మెత్తబడింది. అబీదా బీ చేతులు జోడించింది. “నీ కడుపు చల్లగుండ నాయనా!”

“మనిషివప్పా నువ్వు!” అన్నాడు నాగసుబ్బయ్య.

హుసేన్ వలి మాత్రం కదల్లేదు. “నువ్వు వదిలేస్తే నేను తప్పు చేసినోడిగానే మిగుల్తా జయా. నా బిడ్డను చెట్లు నరికినోని కూతురంటారు. నేను చెప్తా.”

తలుపు మీద చేయి పెట్టాడు. ముంతాజ్ తల మీద ఇంకో చేయి.

“అల్లా సాక్షి. ఆ చెట్లు నేను నరకలే, నరికించలే. అబద్ధమైతే ఈ చేతి కిందుండేది నాకు దక్కకుండా పోనీ.”

అబీదా బీ కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఇంక నువ్వప్పా,” అన్నాడు మన్సూర్. “ఆయన చెప్పినాక నువ్వు చెప్పకుండా పోకూడదు.”

జయకుమార్ అరచేయి చొక్కాకు తుడుచుకున్నాడు. “మీ దేవుని సాక్షిగా...”

“మీ అనొద్దు. దేవుని సాక్షిగా అను.”

జయకుమార్ ఒక చేయి తలుపు మీద, ఒక చేయి కెజియా తల మీద పెట్టాడు.

“దేవుని సాక్షిగా... తెలిసి తెలిసి నేను అబద్ధపు నింద వేయలే. వేసింటే... ఈ చేతి కిందుండేది నాకు దక్కకుండా పోనీ.”

“అయిపాయ. నింద పోయింది, పదండి,” అన్నాడు నాగసుబ్బయ్య. జనం చెప్పులు వెతుక్కుంటున్నారు.

“నాయనా, నొస్తాంది. చేయి తియ్యి,” అంది కెజియా.

తన చీనీ తోటను తానే నరుక్కున్న జయకుమార్, కూతురి తల మీద నుంచి ఆ చేయి తీయలేకపోయాడు.