ఊరిపెద్ద వేషం

“భయమెందుకే? వచ్చేది మనవాడే. ఉత్త నాటకం,” అన్నాను బువాఖంతో.

హెచ్‌ఐవీతో బతుకుతున్న మాలాంటివాళ్ళు నలుగురి ముందు నోరు విప్పడం నేర్చుకునే శిక్షణ అది. ఊరికొకరు చొప్పున వచ్చారు. నేర్పేది నేను. ఆఖరి పాఠం, ఊరిపెద్దని నిలదీయడం. ఆ వేషానికి విరోత్ అనే అతన్ని ఫోన్లో పిలిచాను. మనిషిని చూసింది లేదు.

ఖాకీ చొక్కాలో ముందు బొజ్జ, వెనక ఆయన వచ్చారు. కుర్చీ చూపించి, బువాఖం వీపు తట్టాను. శిక్షణకి వచ్చిన దగ్గర్నుంచీ నేల చూపులు చూసే పిల్ల తలెత్తింది.

“పెద్దయ్యా, గుడి పండక్కి ఊరంతా వండుతుంది. నాకు మాత్రం చీపురిచ్చారు. నా కూర తింటే మీకు హెచ్‌ఐవీ రాదు. మహా అయితే ఇంకో బొజ్జ వస్తుంది!”

గదంతా గొల్లుమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“సరేనమ్మా, ఈసారి కూర నువ్వే వండు. బొజ్జ సంగతి మా ఆవిడకి చెప్పకు.”

“ఏం నటించావయ్యా! అచ్చం ఊరిపెద్దవే!” అని ఆయన భుజం చరిచాను.

అప్పుడే ఓ బక్కపల్చటి మనిషి రొప్పుతూ వచ్చాడు. “అక్కా, నేను విరోత్‌ని. బండి పంక్చరైంది.”

నా చెయ్యి ఇంకా ఆ భుజం మీదే ఉంది. మధ్యాహ్నం సర్టిఫికెట్లు ఇవ్వడానికి ఉత్తరం రాసి పిలిచిన ఈ ఊరి అసలు పెద్ద ముందే వచ్చేశారు!

“చచ్చాం కదే,” అన్నాను బువాఖం చెవిలో.

“కంగారుపడకక్కా,” అంది. “మా ఊరి పెద్దాయన్ని నేను గుర్తుపట్టనా?”