ఎంగిలాకు

చెరకు కూలికి వలస వచ్చిన దీవిలో, షెమాన్ గ్రెనియే ఊరి నుంచి పుట్టింటికి మొగుడు గురువులుతో ఎడ్లబండిలో బయలుదేరిన సన్నెమ్మ, రాత్రికి సముద్రపు ఒడ్డున సరుగుడు చెట్ల కింద దిగింది. నెల తప్పినప్పటి నుంచి ఆమెకు మెతుకు ఇమడడం లేదు.

గాలికి లాంతరు ఆరిపోయింది. ఆకులో పులుసన్నం పెట్టి, "మావా, తిను" అని అలవాటుగా పక్కకు తిరిగింది. ఎవరో కూర్చున్న అలికిడి. జుర్రుకునే చప్పుడు ఆగాక, ఎంగిలాకు దగ్గరికి లాక్కుని తింది. మెతుకులు చల్లగా, జిగటగా ఉన్నాయి. అయినా కడుపులో ఇమిడాయి.

అప్పుడు చెట్ల అవతలి నుంచి గురువులు వచ్చాడు.

"నాకెట్టకుండా తినేత్తన్నావేటే!"

"నువ్వు తినేసినావు గదా మావా!"

"నేనా? ఎడ్లకి నీళ్లెట్టి ఇప్పుడే వత్తన్నాను."

సన్నెమ్మ గొంతులోకి వేళ్లు పెట్టుకుంది. తిన్నది పైకి రాలేదు. ఏవగింపు పుడుతున్నా, నాలుక ఆ వేళ్లనే నాకుతోంది.